ఎడిట్ చేసిన వీడియో త్వరగా ఎక్స్‌పోర్ట్ కావాలంటే ఏం చేయాలి?

వీడియో ఎక్స్‌పోర్ట్‌కి గంటలు పడుతోందని ఎవరి దగ్గరైనా అని చూడండి. "ర్యామ్ పెంచు", "గ్రాఫిక్స్ కార్డు మార్చు" అన్న సలహాలు క్షణాల్లో వచ్చేస్తాయి. ఒక్కోసారి అవి నిజమే కావచ్చు. కానీ చాలా కంప్యూటర్లలో అసలు తకరారు ఏదో ఒక సెట్టింగులోనో, ఫుటేజ్ రకంలోనో, టైమ్‌లైన్ మీద కూర్చున్న ఒకే ఒక్క ఎఫెక్ట్‌లోనో ఉంటుంది. అదేమిటో చూడకుండా డబ్బు పెడితే, కొత్త కార్డు కూడా పాత కార్డులాగే ఖాళీగా కూర్చుంటుంది. కాబట్టి ముందు ఎక్కడ ఆగుతోందో పట్టుకుందాం.

ఎక్స్‌పోర్ట్ నొక్కాక లోపల జరిగేది ఇదీ. సాఫ్ట్‌వేర్ డిస్కు నుంచి ఫైలు చదువుతుంది. కుదించి ఉన్న వీడియోను విప్పి ఒక్కో ఫ్రేమును బొమ్మగా మారుస్తుంది. దీన్ని డీకోడ్ అంటారు. ఆ బొమ్మ మీద మీరు పెట్టిన కలర్, టైటిల్స్, ట్రాన్సిషన్లు, ఎఫెక్ట్స్ అన్నీ వేస్తుంది. తయారైన ఫ్రేమును మళ్లీ కుదిస్తుంది. ఇది ఎన్‌కోడ్. చివరికి డిస్కు మీద రాస్తుంది. ఈ పనులు ఒకదాని వెనక ఒకటి వరుసగా, అన్నీ ఒకేసారి నడుస్తుంటాయి. కాబట్టి వాటిలో అన్నిటికన్నా నెమ్మదైన పని ఎంత వేగంగా సాగితే మొత్తం ఎక్స్‌పోర్ట్ అంతే వేగంగా సాగుతుంది. మిగతావాటిని ఎంత పెంచినా ఒరిగేదేమీ ఉండదు.

చిన్న లెక్క చూడండి. సెకనుకు 30 ఫ్రేముల చొప్పున 10 నిమిషాల వీడియో అంటే 18,000 ఫ్రేములు. ఒక్కో ఫ్రేముకు 0.1 సెకను పడితే మొత్తం 30 నిమిషాలు. అదే 0.02 సెకనుకు దిగితే 6 నిమిషాల్లో పని అయిపోతుంది. ఇక్కడ పోరాటమంతా ఒక్క ఫ్రేము మీద సెకనులో కొన్ని వంతుల కోసమే.

మొదటి పని: 30 సెకన్ల ముక్కతో పరీక్ష

మొత్తం వీడియోతో ప్రయోగాలు చేయకండి, రోజంతా దానికే పోతుంది. టైమ్‌లైన్‌లో బాగా బరువుగా ఉన్న చోటు చూసుకుని ఇన్, అవుట్ పాయింట్లు పెట్టి 30 సెకన్ల ముక్క ఎంచుకోండి. ప్రీమియర్ ప్రోలోనూ డావిన్చీ రిజాల్వ్‌లోనూ కీబోర్డు మీద ఐ, ఓ అక్షరాలు నొక్కితే చాలు. బ్రౌజరు, మిగతా ప్రోగ్రాములు మూసేయండి. తర్వాత ఈ ముక్కను మూడు రకాలుగా ఎక్స్‌పోర్ట్ చేసి, పట్టిన టైము ఒక కాగితం మీద రాసుకోండి.

ఒకటి, మీరు మామూలుగా చేసే సెట్టింగులతో ఉన్నది ఉన్నట్టుగా. రెండు, టైమ్‌లైన్‌కు డూప్లికేట్ తీసి, ఆ కాపీలో క్లిప్పుల మీదున్న ఎఫెక్ట్స్ అన్నీ తీసేసి. ప్రీమియర్‌లో అయితే క్లిప్పులన్నీ సెలెక్ట్ చేసి రైట్ క్లిక్ చేస్తే రిమూవ్ ఆట్రిబ్యూట్స్ కనపడుతుంది. ఎఫెక్ట్స్ మ్యూట్ చేసే బటన్‌ను మాత్రం ఈ పరీక్షకు నమ్ముకోవద్దు, అది ప్లేబ్యాక్ కోసం పెట్టింది. మూడు, ఎఫెక్ట్స్ అన్నీ ఉంచి, అవుట్‌పుట్ మాత్రం హెచ్.264 బదులు ప్రోరెస్ గానీ డీఎన్‌ఎక్స్‌హెచ్‌ఆర్ గానీ పెట్టి. ఇవన్నీ వీడియోను కుదించే పద్ధతులు, కోడెక్‌లు అంటారు. చివరి రెండూ ఫైలు సైజు పెంచుతాయి కానీ ఎన్‌కోడ్ చేయడం చాలా తేలిక.

ఇప్పుడు అంకెలు చూడండి. రెండో పరీక్షలో టైము బాగా తగ్గిందా? తప్పు ఎఫెక్ట్స్‌ది. మూడోదానిలో తగ్గిందా? ఎన్‌కోడర్ దగ్గర ఆగుతోంది. రెండిట్లోనూ పెద్దగా తేడా లేదంటే మీ ఫుటేజ్‌ను విప్పడమే కష్టమవుతోంది, లేదా డిస్కు అందించలేకపోతోంది. ఇంత తేలికైన పరీక్షను పక్కన పెట్టి జనం నేరుగా కొత్త కంప్యూటరు బేరానికి దిగిపోతుంటారు!

పరీక్ష నడుస్తుండగా టాస్క్ మేనేజర్ కూడా తెరిచి ఉంచండి. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే వస్తుంది. పెర్ఫార్మెన్స్ ట్యాబ్‌లో గ్రాఫిక్స్ కార్డు మీద క్లిక్ చేస్తే 3డీ, వీడియో డీకోడ్, వీడియో ఎన్‌కోడ్ అని విడివిడి గ్రాఫులు కనపడతాయి. వీడియో ఎన్‌కోడ్ గ్రాఫు సున్నా దగ్గరే పడుకుని, ప్రాసెసర్ మాత్రం 100 శాతం కొట్టుకుంటోందంటే కార్డులో ఉన్న ఎన్‌కోడర్‌ను మీ సాఫ్ట్‌వేర్ వాడుకోవడం లేదన్నమాట.

ప్రాసెసర్ గ్రాఫు చూసేటప్పుడు ఒక మోసం ఉంటుంది. 8 లాజికల్ ప్రాసెసర్లు ఉన్న కంప్యూటర్‌లో మొత్తం వాడకం 12, 13 శాతం చూపిస్తుంటే "ఖాళీగానే ఉందిగా" అనిపిస్తుంది. కానీ ఒక్క కోర్ పూర్తిగా బిగుసుకుపోయి మిగతా ఏడూ చేతులు ముడుచుకుని కూర్చున్నా అదే అంకె వస్తుంది. గ్రాఫు మీద రైట్ క్లిక్ చేసి లాజికల్ ప్రాసెసర్స్ అని మార్చి చూడండి. ఒకటే నిండిపోయి ఉంటే, ఏదో పాతకాలపు ఎఫెక్ట్ గానీ ప్లగిన్ గానీ ఒకే కోర్ మీద నడుస్తోందని అనుమానించాలి.

ఎన్‌కోడర్ దగ్గర ఆగుతుంటే

ఈ తరం ప్రాసెసర్లలో, గ్రాఫిక్స్ కార్డుల్లో వీడియో కుదించడానికే ప్రత్యేకంగా ఒక భాగం ఉంటుంది. ఇంటెల్‌లో దాని పేరు క్విక్ సింక్, 2011 నుంచీ ఉంది. ఎన్విడియాలో ఎన్‌వెంక్, అది 2012లో వచ్చింది. ఏఎమ్‌డీ కార్డుల్లోనూ, యాపిల్ ఎం సిరీస్ చిప్పుల్లోనూ ఇలాంటివే ఉన్నాయి. వీటిని వాడుకోవడమే హార్డ్‌వేర్ ఎన్‌కోడింగ్.

ప్రీమియర్‌లో ఎక్స్‌పోర్ట్ సెట్టింగ్స్‌లో వీడియో విభాగం తెరిస్తే ఎన్‌కోడింగ్ సెట్టింగ్స్ కింద పెర్ఫార్మెన్స్ అని ఉంటుంది. అక్కడ సాఫ్ట్‌వేర్ అని ఉంటే హార్డ్‌వేర్ ఎన్‌కోడింగ్‌కి మార్చండి. రిజాల్వ్‌లో డెలివర్ పేజీలో ఎన్‌కోడర్ అన్న వరుస చూడండి, నేటివ్ బదులు మీ కార్డు పేరు ఎంచుకోవాలి. షాట్‌కట్‌లో ఎక్స్‌పోర్ట్ ప్యానెల్‌లోనే యూజ్ హార్డ్‌వేర్ ఎన్‌కోడర్ అని టిక్ పెట్టే గడి ఉంది. కొన్ని సాఫ్ట్‌వేర్లు ఈ సౌకర్యాన్ని డబ్బు కట్టిన వెర్షన్‌కే ఇస్తాయి, అది కూడా చూసుకోండి.

ఆ ఆప్షన్ నొక్కబోతే మసకగా ఉండి పనిచేయకపోతే కారణాలు కొన్నే. బిట్‌రేట్ (వీడియోలో సెకనుకు ఎంత డేటా ఉండాలన్నది) దగ్గర టూ పాస్, అంటే వీడియోను రెండుసార్లు చదివి కుదించే పద్ధతి పెట్టి ఉంటే ప్రీమియర్ సాఫ్ట్‌వేర్ ఎన్‌కోడింగ్‌కే వెళ్తుంది, వన్ పాస్‌కి మార్చండి. గ్రాఫిక్స్ డ్రైవర్ పాతదైతే అప్‌డేట్ చేయండి. ఎన్విడియా వాళ్లు గేమ్ రెడీ, స్టూడియో అని రెండు రకాల డ్రైవర్లు ఇస్తారు, ఎడిటింగ్‌కి స్టూడియో డ్రైవర్ మేలు. ఇంటెల్ ప్రాసెసర్ ఉన్నా క్విక్ సింక్ కనపడలేదంటే మోడల్ నంబరు చివర ఎఫ్ అక్షరం ఉందేమో చూడండి. ఎఫ్ ఉన్నవాటిలో గ్రాఫిక్స్ భాగమే పనిచేయదు, కాబట్టి క్విక్ సింక్ ఉండదు. ఎఫ్ లేకపోయినా, డెస్క్‌టాప్‌లో విడిగా గ్రాఫిక్స్ కార్డు పెట్టగానే కొన్ని మదర్‌బోర్డులు లోపలి గ్రాఫిక్స్‌ను ఆపేస్తాయి. మదర్‌బోర్డు సెట్టింగులుండే బయోస్‌లోకి వెళ్లి దాన్ని తిరిగి ఆన్ చేసుకోవచ్చు. చాలామందికి ఈ సంగతి తెలియక, చేతిలో ఉన్న వసతిని వాడకుండా వదిలేస్తున్నారు.

మరి క్వాలిటీ? ఒకే బిట్‌రేట్ దగ్గర పోలిస్తే, నెమ్మదిగా నడిచే సాఫ్ట్‌వేర్ ఎన్‌కోడింగ్ కాస్త మెరుగైన బొమ్మ ఇస్తుంది. తక్కువ బిట్‌రేట్లలో ఆ తేడా కంటికి ఆనుతుంది కూడా. కానీ యూట్యూబ్‌లో పెట్టే వీడియోకి ఆ పట్టింపు అనవసరం అని నా అభిప్రాయం. వాళ్లు ఎలాగూ మీ ఫైలును మళ్లీ ఎన్‌కోడ్ చేస్తారు. బిట్‌రేట్ కొంచెం పెంచి ఇస్తే సరిపోతుంది. సెకనుకు 30 ఫ్రేముల మామూలు వీడియోకి యూట్యూబ్ సూచించే బిట్‌రేట్ 1080పిలో 8 మెగాబిట్లు, 4కెలో 35 నుంచి 45 మెగాబిట్లు. హార్డ్‌వేర్‌తో చేస్తున్నప్పుడు వీటికన్నా కొంత ఎక్కువే పెట్టుకోండి. బిట్‌రేట్ పెంచినంత మాత్రాన టైము పెద్దగా పెరగదు. టైమును తినేది ఫ్రేము సైజు, ఫ్రేముల సంఖ్య. 4కె ఫ్రేములో 1080పికి సరిగ్గా నాలుగింతల పిక్సెళ్లు ఉంటాయి. 1080పిలో షూట్ చేసినదాన్ని 4కెలోకి, 30 ఫ్రేములదాన్ని 60లోకి మార్చి ఎక్స్‌పోర్ట్ చేస్తే పని ఎనిమిదింతలు పెరుగుతుంది. లేని వివరం మాత్రం ఎక్కడి నుంచీ రాదు.

ఎఫెక్ట్స్ దగ్గర ఆగుతుంటే

ఎక్కువ మందికి దొరికే దొంగ ఇక్కడే ఉంటాడు. ముందుగా చూడాల్సింది, అసలు ఎఫెక్ట్స్ పని గ్రాఫిక్స్ కార్డు చేస్తోందా అని. ప్రీమియర్‌లో ఫైల్ మెనూ, ప్రాజెక్ట్ సెట్టింగ్స్, జనరల్‌లోకి వెళ్తే రెండరర్ అని ఉంటుంది. అక్కడ సాఫ్ట్‌వేర్ ఓన్లీ అని ఉంటే జీపీయూ (గ్రాఫిక్స్ కార్డు) యాక్సిలరేషన్ ఉన్న వరుసకు మార్చండి. ఎన్విడియా అయితే క్యూడా (CUDA), మ్యాక్ అయితే మెటల్ అన్న పేరు పక్కన కనపడుతుంది. ఈ ఒక్క మార్పుతోనే గంట పని నిమిషాల్లోకి దిగే సందర్భాలున్నాయి. హార్డ్‌వేర్ ఎన్‌కోడింగ్, జీపీయూ యాక్సిలరేషన్ ఒకటే అనుకోకండి. మొదటిది కుదించే పనికి, రెండోది ఫ్రేమును తయారుచేసే పనికి. ఒకటి ఆన్‌లో ఉండి రెండోది ఆఫ్‌లో ఉండొచ్చు.

ల్యాప్‌టాప్‌లో రెండు గ్రాఫిక్స్ ఉంటే విండోస్ మీ ఎడిటర్‌ను బలహీనమైనదాని మీద నడుపుతుండొచ్చు. విండోస్ సెట్టింగ్స్‌లో సిస్టమ్, డిస్‌ప్లే, గ్రాఫిక్స్ అన్న చోట మీ సాఫ్ట్‌వేర్ పేరు వెతికి హై పెర్ఫార్మెన్స్ పెట్టండి.

ఆ తర్వాత ఎఫెక్ట్స్ జాబితా. అన్నీ ఒకే బరువు కావు. కలర్ కరెక్షన్, క్రాప్, సైజు మార్చడం, మామూలు డిజాల్వ్ వంటివి మంచి కార్డుకు పట్టవు. ప్రాణం తీసేవి కొన్నే: నాయిస్ రిడక్షన్, స్టెబిలైజేషన్, ఆప్టికల్ ఫ్లోతో (మధ్యలో లేని ఫ్రేములను ఊహించి తయారుచేసే పద్ధతి) చేసిన స్లో మోషన్, బొమ్మలో మనిషిని విడదీసే ఏఐ మాస్కులు. నాయిస్ రిడక్షన్‌నే తీసుకోండి. అందులో టెంపోరల్ రకం ఒక ఫ్రేమును శుభ్రం చేయడానికి దాని ముందు, వెనక ఫ్రేములు కూడా తెచ్చి పోల్చి చూస్తుంది. అంటే ఒక ఫ్రేము కావాలంటే మూడో ఐదో ఫ్రేములు విప్పాలి. పైగా గ్రాఫిక్స్ కార్డు మెమరీ కూడా గట్టిగా తింటుంది. చీకట్లో తీసిన రెండు షాట్ల కోసం దాన్ని అడ్జస్ట్‌మెంట్ లేయర్‌లో పెట్టి మొత్తం టైమ్‌లైన్ మీద పరిచేశారంటే, పట్టపగలు తీసిన షాట్లకు కూడా ఆ శిక్ష తప్పదు. ఆ రెండు షాట్ల మీదే పెట్టండి.

ప్రీమియర్ ఎఫెక్ట్స్ ప్యానెల్‌లో ఎఫెక్ట్ పేరు పక్కన చిన్న గుర్తులుంటాయి. అందులో ఒకటి ఆ ఎఫెక్ట్ గ్రాఫిక్స్ కార్డు మీద నడుస్తుందని చెప్పేది. ప్యానెల్ పైన అదే గుర్తు ఉన్న బటన్ నొక్కితే అలాంటివే మిగులుతాయి. ఒక క్లిప్ మీద నాలుగు ఎఫెక్ట్స్ ఉండి మధ్యలో ఒకటి మాత్రం ప్రాసెసర్ మీద నడిచేదైతే, ఆ ఒక్కదానికోసం ఫ్రేము కార్డు నుంచి మెయిన్ మెమరీకి వచ్చి, మళ్లీ వెనక్కి పోవాలి. ఆ రాకపోకలకే బోలెడంత టైము పోతుంది. దాని బదులు అదే పని చేసే మరో ఎఫెక్ట్ దొరుకుతుందేమో చూడండి.

బరువైన ఎఫెక్ట్ తప్పదు అనుకుంటే, దాన్ని ఎక్స్‌పోర్ట్ దాకా మోయకుండా ముందే వండేయండి. ప్రీమియర్‌లో ఆ క్లిప్ మీద రైట్ క్లిక్ చేసి రెండర్ అండ్ రీప్లేస్, రిజాల్వ్‌లో రెండర్ ఇన్ ప్లేస్. ఎఫెక్ట్ కలిసిపోయిన కొత్త ఫైలు తయారై టైమ్‌లైన్‌లో కూర్చుంటుంది. మీరు టీ తాగి వచ్చే లోపు ఆ పని అయిపోతుంది, ఆ తర్వాత ఎన్నిసార్లు ఎక్స్‌పోర్ట్ చేసినా మళ్లీ ఆ లెక్కలుండవు. ఆఫ్టర్ ఎఫెక్ట్స్ నుంచి నేరుగా లింక్ అయి ఉన్న క్లిప్పులకు ఇది మరీ అవసరం.

టైమ్‌లైన్‌లో ముందే రెండర్ చేసి పెట్టుకున్న ప్రివ్యూలను ఎక్స్‌పోర్ట్‌లో వాడుకోవచ్చు. ప్రీమియర్‌లో యూజ్ ప్రివ్యూస్, రిజాల్వ్‌లో యూజ్ రెండర్ క్యాష్డ్ ఇమేజెస్. అయితే ఒక జాగ్రత్త. ప్రివ్యూలు తక్కువ క్వాలిటీ ఫార్మాట్‌లో ఉంటే ఫైనల్ వీడియో కూడా అలాగే మసకబారుతుంది. ముందుగా సీక్వెన్స్ సెట్టింగ్స్‌లో ప్రివ్యూ ఫార్మాట్‌ను ప్రోరెస్ 422కి మార్చుకున్నాకే ఈ ఆప్షన్ వాడండి.

ఫొటోల సంగతి చెప్పకపోతే అన్యాయం. 24 మెగాపిక్సెళ్ల కెమెరా ఫొటో అంటే సుమారు 6000 బై 4000. 1080పి టైమ్‌లైన్‌లో అలాంటివి వంద వేసి, ఒక్కోదానికి జూమ్ కదలిక ఇస్తే, అంత పెద్ద బొమ్మను ప్రతి ఫ్రేముకూ కుదించుకుంటూ పోవాలి. స్లైడ్‌షో వీడియోలు ఎందుకంత ఏడిపిస్తాయో ఇప్పుడు అర్థమైందిగా. జూమ్‌కి సరిపడేలా 3000 పిక్సెళ్ల వెడల్పుకు ముందే తగ్గించి టైమ్‌లైన్‌లోకి తెచ్చుకోండి.

మ్యాగ్జిమమ్ రెండర్ క్వాలిటీ అనే టిక్ పేరు చూసి అందరూ ముచ్చటపడతారు. గ్రాఫిక్స్ కార్డు పని చేస్తున్నప్పుడు సైజు మార్చే పని ఎలాగూ మంచి పద్ధతిలోనే జరుగుతుంది. తీసేయండి.

ఫుటేజ్ విప్పడమే కష్టమైతే

ఫోన్లు, కొత్త కెమెరాలు హెచ్.265లో రికార్డు చేస్తాయి. ఫైలు చిన్నదే, కానీ విప్పడం కష్టం. అందులో చాలా ఫ్రేములు పూర్తి బొమ్మలు కావు, పక్క ఫ్రేములతో ఉన్న తేడాలు మాత్రమే. ఒక ఫ్రేము కావాలంటే దాని చుట్టూ ఉన్నవాటిని కూడా తవ్వుకుంటూ పోవాలి. దీనికి హార్డ్‌వేర్ డీకోడ్ సాయం ఉంటే ఫర్వాలేదు. ప్రీమియర్ ప్రిఫరెన్సెస్‌లో మీడియా విభాగంలో హార్డ్‌వేర్ యాక్సిలరేటెడ్ డీకోడింగ్ టిక్ ఉందో లేదో చూడండి.

టిక్ ఉన్నా సాయం అందని రకం ఒకటుంది. మిర్రర్‌లెస్ కెమెరాల్లో వచ్చే రంగుల వివరం ఎక్కువగా ఉండే 10 బిట్ 4:2:2 హెచ్.265 ఫుటేజ్. ఇంటెల్ 11వ తరం నుంచి ప్రాసెసర్లలోని క్విక్ సింక్ దీన్ని విప్పగలదు. ఎన్విడియాలో మాత్రం ఆర్‌టీఎక్స్ 50 సిరీస్ వచ్చేదాకా ఆ సౌకర్యం లేదు. అంటే ఖరీదైన ఆర్‌టీఎక్స్ 40 సిరీస్ కార్డు పెట్టుకుని కూడా ఈ ఫుటేజ్‌తో అవస్థ పడేవాళ్లున్నారు, మామూలు ఇంటెల్ ల్యాప్‌టాప్‌లో హాయిగా చేసుకునేవాళ్లూ ఉన్నారు.

"ప్రాక్సీలు పెట్టాను, అయినా ఎక్స్‌పోర్ట్ వేగం పెరగలేదు" అనేవాళ్లు తరచూ కనపడతారు. పెరగదు. ప్రాక్సీలంటే ఎడిటింగ్ సాఫీగా సాగడానికి చేసుకునే తేలికపాటి కాపీలు. ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు సాఫ్ట్‌వేర్ మళ్లీ ఒరిజినల్ ఫైళ్ల దగ్గరికే వెళ్తుంది, వెళ్లాలి కూడా. ఎక్స్‌పోర్ట్‌లోనూ తేడా రావాలంటే ఒరిజినల్స్‌నే ప్రోరెస్ 422కో డీఎన్‌ఎక్స్‌హెచ్‌ఆర్‌కో మార్చుకుని, వాటితోనే ఎడిట్ చేయాలి. బదులుగా డిస్కు ఖాళీ సమర్పించుకోవాలి: 1080పిలో 30 ఫ్రేముల ప్రోరెస్ 422 గంటకు సుమారు 66 జీబీ.

ఫోన్ వీడియోలతో ఇంకో చిక్కు, ఫ్రేము రేటు నిలకడగా ఉండదు. వెలుతురును బట్టి మారుతుంటుంది. మాట, పెదవి కలవకపోవడానికి కూడా ఇదే కారణం కావచ్చు. హ్యాండ్‌బ్రేక్‌లో కాన్‌స్టెంట్ ఫ్రేమ్‌రేట్ పెట్టి ఒకసారి మార్చుకుంటే ఆ తలనొప్పి పోతుంది.

డిస్కు, ర్యామ్, వేడి

డిస్కును అనవసరంగా నిందిస్తుంటారు. సెకనుకు 100 మెగాబిట్ల కెమెరా ఫైలుకు కావాల్సింది 12.5 మెగాబైట్లే. పాత హార్డ్ డిస్కు కూడా మామూలుగా దానికి కొన్ని రెట్లు ఇస్తుంది. డిస్కు నిజంగా అడ్డుపడేది ప్రోరెస్, రా (RAW) ఫైళ్లతోనూ, ఒకే హార్డ్ డిస్కు మీద నాలుగైదు కెమెరాల ఫుటేజ్ ఒకేసారి చదవాల్సి వచ్చినప్పుడూ. ఎక్స్‌టర్నల్ డ్రైవ్ ఉంటే దాన్ని యూఎస్‌బీ 2.0 పోర్టుకు తగిలించలేదు కదా అని మాత్రం చూసుకోండి. క్లౌడ్‌కి సింక్ అయ్యే ఫోల్డర్‌లోకి నేరుగా ఎక్స్‌పోర్ట్ చేయకండి, ఫైలు రాస్తుండగానే అది అప్‌లోడ్‌కి ఎగబడుతుంది.

ర్యామ్ విషయంలో టాస్క్ మేనేజర్ చెప్పిందే వేదం. ఎక్స్‌పోర్ట్ నడుస్తుండగా మెమరీ 90 శాతం దాటి నిలబడిపోతుంటే పెంచాలి. 60 దగ్గరే తిరుగుతుంటే ఎంత పెంచినా వృథా. స్థూలంగా 1080పికి 16 జీబీ, 4కెకి 32 జీబీ ఉంటే ఇబ్బంది ఉండదు. ఒకే స్టిక్ కన్నా రెండు వేయడం మంచిది.

ల్యాప్‌టాప్‌వాళ్లకు అసలు శత్రువు వేడి. మొదటి రెండు నిమిషాలు జోరుగా సాగి తర్వాత బార్ నత్తనడక నడుస్తుంటే ఇదే. ప్రాసెసర్ 95, 100 డిగ్రీల సెల్సియస్ దగ్గరికి వెళ్లగానే తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. 30 సెకన్ల పరీక్షలో ఈ సమస్య బయటపడదు, కనీసం పది నిమిషాల ఎక్స్‌పోర్ట్ నడిపి హెచ్‌డబ్ల్యూఇన్ఫో వంటి ప్రోగ్రాముతో ఉష్ణోగ్రత చూడాలి. మంచం మీద, దిండు మీద పెట్టకుండా గట్టి బల్ల మీద పెట్టండి, వెనక భాగం కాస్త ఎత్తండి. ఫ్యాన్లలో దుమ్ము తీయించండి. చార్జర్ తగిలించి, పవర్ మోడ్‌ను బెస్ట్ పెర్ఫార్మెన్స్‌లో ఉంచండి. బ్యాటరీ మీద ఉంటే కార్డు, ప్రాసెసర్ రెండూ పూర్తి శక్తితో నడవవు.

ఒకే వీడియో నాలుగు సైజుల్లో కావాలంటే

యూట్యూబ్‌కి ఒకటి, వాట్సాప్‌కి ఒకటి, క్లయింట్‌కి ఇంకొకటి అని అదే టైమ్‌లైన్‌ను పదేపదే ఎక్స్‌పోర్ట్ చేస్తే, ఎఫెక్ట్స్ లెక్కలన్నీ ప్రతిసారీ మొదటి నుంచి జరుగుతాయి. ఒక్కసారి ప్రోరెస్‌లో గానీ డీఎన్‌ఎక్స్‌హెచ్‌ఆర్‌లో గానీ మాస్టర్ ఫైలు తీసేయండి. మిగతా వెర్షన్లన్నీ దాని నుంచి హ్యాండ్‌బ్రేక్‌లోనో మీడియా ఎన్‌కోడర్‌లోనో చేసుకోండి. రేపు క్లయింట్ "ఇంకొంచెం చిన్న ఫైలు ఇవ్వండి" అన్నా టెన్షన్ ఉండదు.

అప్పటికీ కొనక తప్పదంటే

ఇప్పుడు పరీక్ష ఫలితమే మీ కొనుగోలు చీటీ. ఎఫెక్ట్స్ దగ్గర ఆగుతూ, గ్రాఫులో 3డీ నిండిపోతుంటే గ్రాఫిక్స్ కార్డు. హార్డ్‌వేర్ ఎన్‌కోడర్ అసలు లేని పాత యంత్రమైతే అది ఉన్న కార్డు ఏదైనా సరే, పెద్దదే అక్కర్లేదు. ఎందుకంటే ఒకే తరంలో చిన్న కార్డులోనూ పెద్ద కార్డులోనూ ఎన్‌కోడర్ ఇంచుమించు ఒకే స్థాయిలో ఉంటుంది. ఎఫెక్ట్స్ ప్రాసెసర్ మీదే నడిచే రకమైతే ప్రాసెసర్. 4:2:2 ఫుటేజ్ అయితే దాన్ని విప్పగలదో లేదో ముందు కనుక్కుని కొనండి.

ఒకే శాతం దగ్గర ఆగిపోతుంటే

ఇది వేగం సమస్య కాదు, ఏదో ఒక ఫ్రేము దగ్గర సాఫ్ట్‌వేర్ చిక్కుకుపోతోంది. 10 నిమిషాల వీడియో ప్రతిసారీ 43 శాతం దగ్గర ఆగితే, సుమారు 4 నిమిషాల 18 సెకన్ల దగ్గరికి వెళ్లండి. దానికి అటూ ఇటూ 20 సెకన్లు ఇన్, అవుట్ పెట్టి ఎక్స్‌పోర్ట్ చేసి చూడండి. ఆగితే ఆ చోటున్న ఎఫెక్ట్స్ ఒక్కొక్కటిగా తీస్తూ మళ్లీ ప్రయత్నించండి. ఎఫెక్ట్స్ తీసినా ఆగుతుంటే ఆ క్లిప్పే పాడై ఉంటుంది. దాన్ని హ్యాండ్‌బ్రేక్‌లో మార్చి టైమ్‌లైన్‌లో పాతదాని స్థానంలో పెట్టండి. మీడియా క్యాష్ (సాఫ్ట్‌వేర్ దాచుకునే తాత్కాలిక ఫైళ్లు) ఒకసారి ఖాళీ చేయడం కూడా చాలాసార్లు పనిచేస్తుంది. రాత్రికి వదిలేసి పడుకునే ముందు కంప్యూటర్‌కు స్లీప్ మోడ్ ఆపేశారో లేదో చూసుకోండి.